పరదా దాటిన చెయ్యి

కమాలుద్దీన్ పెళ్ళాం చెయ్యి భుజం దాకా బొగ్గులా మాడిపోయిందట. సూది పొడిచిన చోట పురుగులు కూడా కదిలాయట. ఈ సంగతి రావమ్మ కళ్ళారా చూడలేదు. కాని గోడకవతలే కాపురం కనక చూసినంత పనయిందని ఆవిడ లెక్క. ఆవిడ పాలు పోసే మనిషితో అంది, పాలు పోసే మనిషి లాడ్జి వంటవాడితో అంది. వంటవాడు దాన్ని పెసరట్టుతో పాటు దేవానందం ముందు వడ్డించి, "టీకాలాయన పశువులకి పొడిచే సూదే మనుషులకీ పొడిచాడటండీ" అంటూ చివర్లో కాస్త అల్లం తన చేత్తో తగిలించాడు.

దేవానందం అట్టు తిన్నాడు, అల్లం వదిలేశాడు.

పదకొండేళ్ళు పోలీసు స్టేషన్లో రైటరుగా చేసి, ఇమడలేక బయటికొచ్చి, బెజవాడలో 'ప్రైవేటు విచారణలు' అని బోర్డు కట్టుకున్న మనిషి అతను. టీకాల శాఖ తరపు ప్లీడరు అతన్ని నిన్న సాయంత్రమే తిరువూరు బస్సెక్కించాడు. పని చిన్నదే. ఈ నెల నాలుగో తారీఖున అబీదా అనే పందొమ్మిదేళ్ళ పిల్లకి మశూచి టీకా వేశారు. పన్నెండో తారీఖు తెల్లవారుజామున ఆ పిల్ల చనిపోయింది. సూదే చంపిందని ఎనిమిది వేల నష్టపరిహారానికి మొగుడు నోటీసిచ్చాడు. ఊరు అట్టుడికిపోతోంది, ఏ వీధిలోనూ ఎవరూ చెయ్యి చాపడం లేదు. అందుకని కోర్టు దాకా పోనివ్వకుండా శాఖ రాజీకి సిద్ధపడింది. ఇవాళ సాయంత్రం నాలుగింటికి సంతకాలు. ఈలోగా, నోటీసులో ఏదైనా లొసుగుంటే దేవానందం చెప్పాలి. లేకపోతే నోరు మూసుకుని బస్సెక్కాలి.

సంతకాలు పడితే తప్పు ఒప్పుకున్నట్టే. అప్పుడు టీకా వేసిన అంతోనయ్య వ్యవహారం ఉద్యోగంతో పోదు, జైలు దాకా పోతుంది.

వాచీ చూసుకున్నాడు. ఏడూ ఇరవై. సోమవారం, మార్చి ఇరవై అయిదు, డెబ్బై నాలుగు. ఉగాది వెళ్ళిన మర్నాడు.

అంతోనయ్య లాడ్జి వెనక మెట్ల మీంచి వచ్చాడు, తలకి తువ్వాలు చుట్టుకుని. యాభై దాటిన మనిషి. వారం నుంచి గడ్డం గీసుకున్నట్టు లేదు. కుర్చీ చూపిస్తే అంచున కూర్చున్నాడు.

"రిజిస్టరు తెచ్చావా?"

"తెచ్చానండి. ప్రాణం పోయినా అది మాత్రం ఇవ్వలేదు ఎవరికీ."

దేవానందం పేజీ తిప్పాడు. గుండ్రటి అక్షరాలు, ఒక్క కొట్టివేత లేదు.

"ఆ ఇంటికి ఎన్నింటికెళ్ళావు?"

"తొమ్మిదిన్నరై ఉంటదండి. ఆ వరసలో పదకొండో గడప. ముసలావిడ జైతున్‌బీకి, కూతురు నూర్‌బీకి, కోడలు అబీదాకి, ముగ్గురికీ వేశాను. కమాలుద్దీన్‌కి కిందటేడు వేసిన టీకా అచ్చు గట్టిగా ఉంది, వదిలేశాను."

"సూదులు?"

"మనిషికొకటండి. రెండు మొనల సూది. వాడినవన్నీ సాయంత్రం ఉడకబెడతాను. పశువుల సూదంటున్నారు గదా, అది నా మణికట్టంత ఉంటది సార్. దాంతో పొడిస్తే ఊరంతా వినపడేది కేక."

దేవానందం రిజిస్టరు మీదికి వంగాడు. వేలు ఒకచోట ఆగింది.

"ఈ పేజీలో ముప్పై ఒక్క పేర్లున్నాయి. ముప్పై మందికి 'ఎడమ' అని రాశావు. అబీదాకి ఒక్కదానికే 'కుడి' ఏంటి?"

"ఎడమ చేతి మీద నూనె చిందిందని లోపల్నుంచి చెప్పారండి."

"ఎవరు?"

"ఆడగొంతండి."

"ఆ పిల్లదేనా?"

"పరదా వెనక గొంతుకి పేరుంటదా సార్?" అంతోనయ్య తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "గోషా ఇళ్ళల్లో అంతేనండి. పరదా అంచు కాస్త జరుగుద్ది, మోచెయ్యి దాకా చెయ్యి వస్తది. లోపల్నుంచి పేరు చెబుతారు, రాసుకుంటాను, పొడుస్తాను. ఇరవై ఏడేళ్ళ సర్వీసులో కొన్ని వేల చేతులు చూశాను. వాటి తాలూకు మనుషులు బజార్లో ఎదురుపడితే ఒక్కరినీ పోల్చలేను."

"పదకొండో తారీఖున మళ్ళీ వెళ్ళావు."

"ఎనిమిదో రోజు పొక్కు చూడాలి గదండి. లేవకపోతే మళ్ళీ వెయ్యాలి. పొద్దున ఎనిమిదింటికి వెళ్ళాను. ముగ్గురివీ చూశాను. కోడలిది ముత్యంలా లేచింది."

దేవానందం జేబులోంచి ఒక కాగితం తీసి రిజిస్టరు పక్కన పెట్టాడు. నోటీసుతో పాటు జతచేసిన కాంపౌండరు చీటీ అది.

"ఇది చదువు. పదో తారీఖు ఆదివారం, సాయంత్రం ఆరు గంటలు. 'రోగి స్పృహలో లేదు. మంచినీళ్ళు మింగలేదు.' ఆదివారం సాయంత్రం నీళ్ళు మింగలేని మనిషి సోమవారం పొద్దున లేచొచ్చి, పరదా పక్కన నిలబడి, నీకు చెయ్యి చాపిందా అంతోనయ్యా?"

అంతోనయ్య చీటీని వెనక్కి నెట్టాడు. "దొంగ రాత రాశాననేగా మీరనేది."

"నేనింకా ఏమీ అనలేదు. ఆ చెయ్యి ఎట్లా ఉందో చెప్పు."

కళ్ళు మూసుకున్నాడు అంతోనయ్య. మొహాలు గుర్తుండని మనిషికి చేతులు గుర్తుంటాయి.

"రొట్టెల పిండి అంటుకుని ఉందండి. తడి పిండి. 'తొందరగా చూడండి, పెనం మాడుతోంది' అంది." కళ్ళు తెరిచాడు. "లోపల్నుంచి మూలుగు వినపడిందండి. ఎవరికి బాగోలేదని అడిగాను. ముసలావిడకి కాళ్ళనొప్పులన్నారు."

దేవానందం రిజిస్టరు మూసి లేచాడు.

"తువ్వాలు బాగా చుట్టుకో. పద."

"అక్కడికా? నన్ను చంపేస్తారు సార్!"

"నువ్వు రాకపోతే నాలుగింటికి చంపుతారు. కాగితం మీద."

కమాలుద్దీన్ ఇంటి అరుగు మీద అప్పటికే ఒక మనిషి ప్రయాణపు సంచి పక్కన పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. లాల్‌సాహెబ్. ఒకప్పుడు ప్లీడరు గుమాస్తా, ఇప్పుడు తనంతట తానే దావాలు కుదిర్చే పెద్దమనిషి. లారీ కింద కోడి పడితే, కోడి గలవాడికి ఆ కబురు ముందుగా చేర్చేది ఇతనేనని తిరువూరులో పేరు. జైతున్‌బీకి తమ్ముడి వరస. నోటీసు రాయించింది అతనే.

"ఓహో, డిటెక్టివు గారు!" అన్నాడు లేవకుండానే. "గంపలగూడెంలో బడిపంతులు గారబ్బాయివి గదూ? చిన్నప్పుడు తోటలో మామిడికాయలు కోస్తూ దొరికిపోయావని చెప్పుకునేవాళ్ళు."

"పట్టుకున్నవాడికి సగమిచ్చి బయటపడ్డాను. రాజీ వ్యవహారాలు అప్పట్నుంచే అలవాటు."

"మరింకేం? సాయంత్రం నాలుగింటికి వచ్చి సంతకం చూసిపో. ఈలోగా గోషా ఇంటి ముందు నీకేం పని?"

"గడప దాటను. పరదా అవతలికి చూపు కూడా పోనివ్వను. సరేనా?"

లాల్‌సాహెబ్ చూపు వెనకనున్న తువ్వాలు మనిషి మీద పడింది. పడగానే కేకేశాడు. ఆ కేకకి కమాలుద్దీన్ బయటికొచ్చాడు. పాతికేళ్ళవాడు, లారీ డ్రైవరు, బలిష్ఠుడు. అంతోనయ్యని పోల్చుకోవడానికి ఒక్క క్షణం పట్టింది. రెండో క్షణానికి అతని గొంతు పట్టుకుని గోడకేసి నొక్కాడు.

"నా గుమ్మం ముందుకి తెచ్చారా వీణ్ణి! నా గుమ్మం ముందుకి!"

దేవానందం మధ్యలో దూరాడు. మోచెయ్యి ఒకటి దవడకి తగిలింది. "కమాలుద్దీన్! నీ పెళ్ళాం ఎట్లా పోయిందో నీకు తెలుసుకోవాలని లేదా? ఒక్క పావుగంట. తర్వాత నువ్వు చంపుతానంటే నేను అడ్డురాను."

చేతులు వదులయ్యాయి. కోపం కంటే అలసటే ఎక్కువగా ఉంది ఆ మొహంలో.

దేవానందం గుమ్మాన్ని చూశాడు. వెలిసిపోయిన ఆకుపచ్చ పరదా. ఒక వైపు అంచుని మేకులతో గోడకి కొట్టేశారు, రెండో వైపే జరుగుతుంది. అరుగు మీద చతికిలబడి, పరదాకి ఎదురుగా అంతోనయ్య కూర్చునే చోటే కూర్చున్నాడు. లోపల నిలబడ్డవాళ్ళు ఆ సందులోంచి ఎడమ చెయ్యి చాపడం తేలిక. కుడి చెయ్యి చాపాలంటే ఒళ్ళంతా మెలి తిప్పాలి.

"మీ ఆవిడ పడుకున్న చోటు నుంచి ఈ పరదా దాకా ఎన్ని అడుగులు?"

"పద్నాలుగో, పదిహేనో."

"చనిపోయే ముందురోజు పొద్దున ఆ పద్నాలుగు అడుగులూ నడిచిందా?"

"నడవడమా?" అన్నాడు కమాలుద్దీన్. "పక్కకి తిప్పాలంటే నేనూ అమ్మీ ఇద్దరం పట్టుకోవాల్సొచ్చింది. తెల్లారి కాంపౌండరు కోసం పరిగెత్తాను. తిరిగొచ్చేసరికి తొమ్మిది."

"అదే మా వాదన!" లాల్‌సాహెబ్ తొడ చరిచాడు. "కదల్లేని పిల్ల చెయ్యి చూశానని రాశాడు వీడు. రిజిస్టరే దొంగది. శభాష్ డిటెక్టివు గారూ, మా సాక్ష్యం మీరే తెచ్చి పెట్టారు!"

"ఉండవయ్యా. పెళ్ళి కాకముందే బారసాలకి పిలవకు." దేవానందం పరదా వైపు తిరిగాడు. "అమ్మా జైతున్‌బీ గారూ, మీ నూర్‌బీని టీకా వేసిన చెయ్యి ఒక్కసారి చూపించమనండి. అంతోనయ్యకి చూపించినట్టే."

లోపల గుసగుసలు. అంచు జరిగింది. సన్నటి ఎడమ చెయ్యి వచ్చింది, మట్టిగాజులతో. మోచేతి కింద గులాబీరంగు మచ్చ, చెక్కు రాలిపోయి రెండు మూడు రోజులై ఉంటుంది. అంతోనయ్య వంగి చూసి తలూపాడు.

"మంచిదమ్మా. ఇప్పుడు కుడి చెయ్యి."

పరదా కదల్లేదు.

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. లాల్‌సాహెబ్ చప్పున లేచాడు. "ఇదేం మర్యాద? ఆడపిల్ల చేతులు ఒక్కొక్కటే బయటపెట్టించి... కమాల్, వీళ్ళని పొమ్మను!"

కమాలుద్దీన్ అతని మాట వినడం లేదు. పరదానే చూస్తున్నాడు.

"చూపించు నూరీ," అన్నాడు.

లోపల గాజులు చప్పుడు చేశాయి, మనిషి అటు తిరిగినట్టు. సందులోంచి కుడి చెయ్యి వచ్చింది. మోచేతి కింద అదే గులాబీరంగు మచ్చ. అదే వయసు, అదే గుండ్రం.

"నా చేతి పొడుపే," అన్నాడు అంతోనయ్య పెదాలు కదిలీ కదలనట్టు. "రెండూ నేను వేసినవే. ఒకే రోజువి."

పరదా వెనక నుంచి మాట వచ్చింది. ముక్కలుముక్కలుగా, ఏడుపులో నానిన మాట.

"వదినకి మూడో నెల అన్నయ్యా. నీకు చెప్పలేదు, నిలబడ్డాక చెబుదామంది. కడుపుతో ఉన్నవాళ్ళకి సూది పడితే బిడ్డ జారిపోద్దని వీధిలో అంతా అన్నారు. వద్దంటే పేరు రాసుకుపోయి జీపులో మళ్ళీ వస్తారన్నారు. అందుకని... ముందు నా పేరు మీద ఎడమ చెయ్యి ఇచ్చాను. తర్వాత వదిన పేరు మీద కుడిది. చూడ్డానికి మళ్ళీ వచ్చినప్పుడూ నేనే ఇచ్చాను."

"మూడో నెలా?" అన్నాడు కమాలుద్దీన్. ఎవరినీ అడిగినట్టు లేదు.

"నువ్వేమో సూదే చంపిందని తల బాదుకుంటున్నావు. అసలు సూదే పడలేదని ఏ నోటితో చెప్పను?"

కమాలుద్దీన్ అరుగు మీద కూలబడ్డాడు. దేవానందం మొహం తిప్పుకున్నాడు. ఎన్నో ఇళ్ళల్లో ఎన్నో గుట్లు బయటికి లాగాడు గాని, ఇట్లా పుట్టుకనీ చావునీ ఒకే మాటలో విన్న మగవాణ్ణి చూడలేదు.

ముందుగా తేరుకున్నది లాల్‌సాహెబే. దగ్గరికి జరిగి గొంతు తగ్గించాడు. "చూడు దేవానందం. పిల్ల తెలియకుండా ఏదో చేసింది. ఇది నాలుగ్గోడలు దాటితే దాని పెళ్ళి కాదు. నువ్వు వినలేదు, నేను వినలేదు. నీ కష్టం ఉంచుకోను."

"నీ దావా పోయింది లాల్‌సాహెబ్. వెయ్యని సూదికి పరిహారం ఏ కోర్టూ ఇవ్వదు." దేవానందం వాచీ చూశాడు. తొమ్మిదీ పది. నాలుగింటికి చెప్పాల్సిన మాట తొమ్మిదింటికే దొరికింది. ఒంటిగంట బస్సు కూడా దొరుకుతుంది.

"సార్."

అంతోనయ్య. తువ్వాలు జారి కింద పడినా చూసుకోలేదు. బతికి బయటపడ్డవాడి మొహంలా లేదది.

"దావా సంగతి తర్వాత సార్. ఆ పిల్లకి సూదే పడలేదంటే, మరి ఆ పిల్ల దేంతో పోయింది?"

దేవానందం పొద్దుట్నుంచీ చెయ్యి ఎవరిదా అని వెతికాడే గాని, ఆ ఒక్క ప్రశ్నా తనకి తట్టనే లేదు.

అంతోనయ్య పరదా ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు. "అమ్మా, పెద్దమ్మా, జ్వరం ఏ రోజు మొదలైంది?"

జైతున్‌బీ గొంతు గట్టిగా, పొడిగా వచ్చింది. "గురువారం."

"ఏడో తారీఖు. ముందు తలనొప్పా, నడుం నొప్పా?"

"నడుం విరిగిపోతోందని పొర్లాడింది. సూది వేడనుకున్నాం. నూరీ నాకూ చెప్పలేదు అప్పుడు."

"ఒంటి మీద పొక్కులేమైనా?"

"ఒక్కటి లేదు. మొహం ఎర్రగా కందింది. తర్వాత ఒళ్ళంతా నేరేడుపండు రంగు తిరిగింది. చిగుళ్ళలోంచి నెత్తురు. చివరికి కళ్ళల్లో కూడా."

అంతోనయ్య ఛాతీ మీద సిలువ గుర్తు వేసుకున్నాడు.

"ఏంటి? చెప్పు," అన్నాడు దేవానందం.

"పొక్కు లేవకుండానే చంపే మశూచి ఒకటుంది సార్. నల్ల మశూచి అనేవాళ్ళు మా పాత డాక్టరు గారు. సర్వీసులో రెండే చూశాను, ఇరవై ఏళ్ళ కిందట. ఇద్దరూ కడుపుతో ఉన్నవాళ్ళే."

"మన వైపు మశూచి ఎక్కడుంది?"

"లేదండి. అందుకే ఎవరికీ తట్టలేదు, కాంపౌండరుకీ తట్టలేదు. వస్తే బయట్నుంచి రావాలి."

చెప్పనక్కర్లేకుండానే చూపులన్నీ కమాలుద్దీన్ మీదికి తిరిగాయి. అతను తల ఎత్తలేదు.

"మిర్చి లోడు," అన్నాడు. "బీహారు. తిరిగొచ్చేటప్పుడు చలికి తట్టుకోలేక రోడ్డు పక్క ఒక ఇంటివాళ్ళ దగ్గర బొంత కొన్నాను. అంత మంచి బొంత అంత చవగ్గా ఎందుకిచ్చారో అనుకున్నాను. వాళ్ళింట్లో ఎవరో పోయారట. కిందటి నెల ఇరవై నాలుగున ఇల్లు చేరాను. మెత్తగా ఉందని అబీదా దాని మీదే పడుకునేది."

అంతోనయ్య వేళ్ళు కణుపుల మీద కదిలాయి. ఫిబ్రవరి ఇరవై నాలుగు నుంచి మార్చి ఏడు. "పదకొండు రోజులు," అన్నాడు. "సరిగ్గా ఒంట్లో మశూచి పొదిగే లెక్క. నీకు అచ్చు ఉంది గనక నిన్ను ముట్టుకోలేదు బాబూ. వీళ్ళిద్దరికీ సమయానికి సూది పడింది. ఆ బొంత ఏదీ?"

"తగలబెట్టాను, పక్కతో సహా," అంది జైతున్‌బీ.

"నేను నా చెయ్యి ఇవ్వకుండా ఉంటే..." పరదా వెనక నూర్‌బీ. "వదిన చెయ్యే ఇచ్చి ఉంటే, బతికేదా?"

"ఏమోనమ్మా. అప్పటికే ఆలస్యమైందేమో," అన్నాడు అంతోనయ్య. అబద్ధం ఆడటం చేతకాని మనిషి, కళ్ళు దించుకున్నాడు.

దేవానందం చెయ్యి తనకి తెలియకుండానే చొక్కా మీంచి ఎడమ భుజాన్ని తడుముకుంది. చిన్నప్పటి అచ్చు, ఎప్పుడో అణిగిపోయింది. "అంతోనయ్యా, ఈ ఇంటి సంగతి సరే. ఇంకెవరికి అంటుతుంది?"

"దగ్గరగా మసిలినవాళ్ళకండి. ముఖ్యంగా ఒళ్ళు తాకినవాళ్ళకి." అతను పరదా వైపు వంగాడు. "పెద్దమ్మా, ఆఖరి స్నానం ఎవరు చేయించారు?"

"నేనూ, నూరీ. ఇంకో ఆడమనిషి."

"ఆవిడకి టీకా పడిందా?"

జవాబు వచ్చేలోపు లాల్‌సాహెబ్ విరగబడి నవ్వాడు. చేతులు తిప్పుతూ అరుగు దిగి వీధిలోకి వినపడేటట్టు అందుకున్నాడు. "అబ్బబ్బ, ఏం కట్టారయ్యా కథ! సూది తప్పు కప్పెట్టుకోవడానికి ఊరి మీదికి పెద్దమ్మవారినే దింపారు! వీధికి అడ్డంగా తాళ్ళు కడతారు, జనం పారిపోతారు, దావా గాలికి పోద్ది, అదేగా మీ ఎత్తు? మశూచి అంటే ఒక్కరితో ఆగుద్దా? పిల్ల పోయి పదమూడు రోజులైంది. ఎవరికొచ్చిందయ్యా? ఒక్కరిని చూపించు. ఒక్కరిని!" పరదా వైపు తిరిగాడు. "ఆపా, అక్కా, నువ్వే చెప్పు, ఎవరికొచ్చింది?"

పరదా మొత్తంగా పక్కకి జరిగింది. జైతున్‌బీ గోషా మాట మరిచి గుమ్మంలో నిలబడింది.

"నీ పెళ్ళానికి. నాతో కలిసి అబీదాని కడిగింది అదే. బందరు నుంచి బస్సు దిగి ఇంటికి పోకుండా ఇటే వచ్చి కూర్చున్నావు, నీకేం తెలుసు? మొన్నట్నుంచి నడుం విరిగిపోతోందని మంచం దిగలేదది."